రాకుమారికి అరువు గొంతు

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు సోఫాలో బోర్లా పడుకుని టీవీలో ఒక సినిమా చూస్తోంది. ఏదో దేశంలో, ఏదో భాషలో తీసి, ఇంగ్లీషు మాటలు అతికించిన పిల్లల సినిమా. అడవి, అడవిలో మాట్లాడే కుక్క, కుక్క నెత్తిన అట్ట కిరీటం. డ్రాగన్ ఒకటి ఎగురుకుంటూ వచ్చింది గానీ దాని నీడ మాత్రం ఎక్కడా నేలమీద పడలేదు. కత్తి పట్టుకున్న ఒక పదేళ్ళ పిల్ల ఆ డ్రాగన్‌కి ఎదురుగా నిలబడి ఏదో శపథం చేస్తోంది. ఆ పిల్ల నోరు మూసేశాక కూడా మాట వస్తూనే ఉంది. అది ఆ పిల్ల గొంతు కాదని తెలిసిపోతూనే ఉంది. ఎవరో ముప్ఫై ఏళ్ళ మనిషి గొంతు సన్నం చేసుకుని ముద్దుముద్దుగా మాట్లాడుతోంది.

నాకు ఒళ్ళు మండింది. గరిటె చేతిలో ఉండగానే వంటింట్లోంచి వచ్చి, "ఆపవే ఆ దరిద్రం!" అన్నాను.

పిల్ల బిత్తరపోయి, "అమ్మమ్మా, డోంట్ టాక్. షి ఈజ్ గోయింగ్ టు ఫ్లై" అంది.

డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందున్న మా అమ్మాయి తలెత్తింది. "అమ్మా, వై ఆర్ యూ సో యాంగ్రీ? కిడ్స్ మూవీనే కదా."

కిడ్స్ మూవీనే కదా. పిల్లల సినిమానే కదా. ఈ మాట నేను మొదటిసారి విన్నది పదకొండేళ్ళప్పుడు. అప్పటినుంచీ నాకు పడదు. ఎందుకు పడదో మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నవ్వుతుందని కాదు, జాలిపడుతుందని.

మేము అమెరికా వచ్చేసరికి నాకు నాలుగేళ్ళు. నాన్న మత్తు డాక్టరు. ప్లెయిన్స్‌బరోలో అప్పుడు అపార్ట్‌మెంట్ల కంటే మొక్కజొన్న పొలాలే ఎక్కువ. కిటికీ తెరిస్తే ఎరువు వాసన, ఆవుల వాసన వచ్చేవి. తెలుగువాళ్ళు పదిహేను కుటుంబాలుండేవేమో. శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరింట్లో చేరేవాళ్ళం. మగవాళ్ళు డాక్టర్లు, ఇంజనీర్లు, మందుల కంపెనీల్లో సైంటిస్టులు. ఆడవాళ్ళు దొరికిన సరుకుతో దొరకని వంటలు వండేవాళ్ళు. పాన్‌కేక్ పిండితో గులాబ్‌జామ్, మామిడికాయకి బదులు క్రాన్‌బెర్రీలు వేసి పప్పు, గోంగూర అనుకుని తినమని పాలకూరలో నిమ్మరసం పిండిన పచ్చడి. మాకు అసలు రుచి తెలియదు కాబట్టి అదే అసలనుకునేవాళ్ళం. పెద్దవాళ్ళు మాత్రం ప్రతిసారీ ఒక ముద్ద తిని, "ఆ రుచి రాదులే" అని, రెండోసారి వడ్డించుకునేవాళ్ళు.

అలాంటి ఒక శనివారం, మా ఇంట్లోనే, మందుల కంపెనీలో కెమిస్టుగా చేసే ఒక అంకుల్ గులాబ్‌జామ్ గిన్నె కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఆయన ఎక్కడికొచ్చినా మెడలో కెమెరా ఉండేది కాబట్టి పిల్లలందరం కెమెరా అంకుల్ అనేవాళ్ళం.

"మన చిన్నప్పుడు మనకి ఎగిరే గుర్రాలున్నాయి, మాంత్రికులున్నారు, ఏడు కొండల అవతల పువ్వులున్నాయి. వీళ్ళకేం ఉన్నాయి? టీవీలో పిల్లీ ఎలకా కొట్టుకోవడం. రేపు వీళ్ళకి తెలుగు కూడా ఉండదు. అందుకని నేను ఒక జానపద సినిమా తీస్తున్నాను. మనమే యాక్టర్లం. ఇక్కడే షూటింగ్" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. అప్పటికే నూట ఇరవై పేజీలు రాసుకుని జేబులో తెచ్చుకున్నాడు.

"సినిమా అంటే మాటలా అన్నయ్యగారూ?" అంది అమ్మ.

"పిల్లల సినిమానే కదమ్మా. పిల్లలు తప్పులు పట్టరు" అన్నాడాయన.

కథ ఇది. ఒక రాజుగారికి మాంత్రికుడి శాపం తగిలి చూపు పోతుంది. ఏడు కొండల అవతల మంచుపువ్వు ఉంది, దాన్ని కళ్ళకి అద్దితే చూపు వస్తుంది. కొడుకులు లేని రాజుకి ఒక కూతురు. ఆ రాకుమారి ఎగిరే గుర్రమెక్కి పువ్వు తేవడానికి బయల్దేరుతుంది.

రాకుమారి ఎవరన్నది గుర్రమే తేల్చింది. మా అపార్ట్‌మెంట్ల వెనక పొలం ఉన్న ఒక ముసలి అమెరికన్ దగ్గర పొట్టి గుర్రం ఒకటి ఉండేది. పిల్లలందర్నీ అక్కడికి తీసుకెళ్ళి వరసగా నిలబెట్టారు. అది బుర్రుమని ముక్కు చీదగానే అందరూ వెనక్కి పరిగెత్తారు. నేను దాని ముక్కు మీద చెయ్యి వేశాను. నాకు ధైర్యం ఎక్కువై కాదు. నాన్న చూస్తున్నాడని వేశాను. మెత్తగా, వెచ్చగా, తడిగా ఉంది. "దొరికింది నా రాకుమారి!" అని కెమెరా అంకుల్ అరిచిన అరుపుకి గుర్రం బెదిరి నా పాదం తొక్కింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగినా నేను కిమ్మనలేదు. ఏడిస్తే ఆ వేషం ఇంకొకరికి పోతుందని భయం.

చెట్ల ఆకులు ఎర్రబడుతున్న రోజుల్లో షూటింగ్ మొదలైంది. శని, ఆదివారాలు పొద్దున్నే ఐస్‌బాక్సుల్లో నిమ్మకాయ పులిహోర సర్దుకుని కాలువ పక్కనున్న అడవికి వెళ్ళేవాళ్ళం. కోట అంటే అట్టపెట్టెల మీద ఇటుకలు గీసింది. నా కిరీటం బేకింగ్ ట్రే కత్తిరించి చేసింది. అది తగిలి తగిలి నుదుటిమీద గీత పడి, స్కూల్లో టీచరు అడిగితే మెట్ల మీద పడ్డానని చెప్పాను. గుర్రం గోధుమ రంగు కాబట్టి తెల్లగా ఉండాలని ఒంటినిండా టాల్కమ్ పౌడర్ కొట్టారు. అది ఒకసారి ఒళ్ళు దులుపుకుంటే కెమెరాతో సహా అందరం తెల్లబడ్డాం. దిండ్లు చింపి, ఈకలు అంటించి రెక్కలు చేశారు. కుడి రెక్క ఎప్పుడూ కిందకి వాలిపోయేది.

నాన్నే మాంత్రికుడు. ఆస్పత్రి దూదితో గడ్డం, కళ్ళ చుట్టూ కాటుక. శాపం పెట్టే సీన్‌లో, "ఓరీ రాజా! నేటితో నీకు వెలుగన్నది..." అనేసరికి నడుముకి ఉన్న బీపర్ మోగింది. ఆపరేషన్ థియేటర్ నుంచి పిలుపు. గడ్డం పీకి నా చేతిలో పెట్టి కారెక్కాడు. కాటుక కడుక్కోవడం మర్చిపోయాడు. ఆ రోజు ఆయన మత్తిచ్చిన పేషెంటు కళ్ళు మూసేముందు ఏమనుకున్నాడో అని అమ్మ చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వేది.

మాంత్రికుడి గుహలో పొగ కావాలని కెమెరా అంకుల్ వాళ్ళ బేస్‌మెంట్‌లో సాంబ్రాణి వేశారు. ఇంట్లో అలారం మోగింది. ఎర్రటి ఫైరింజన్ వచ్చింది. దూది గడ్డంతో నాన్న, పట్టు పంచెలో రాజుగారు, బేకింగ్ ట్రే కిరీటంతో నేను వాకిట్లో నిలబడితే, ఆ వచ్చినవాళ్ళు పైపు విప్పడం మానేసి మమ్మల్నే చూస్తూ ఉండిపోయారు.

నేను చేసిన తప్పుడు పని కూడా ఒకటుంది. మంచుపువ్వుని కెమెరా అంకుల్ భార్య పంచదార పాకంతో చేసింది. షాటుకీ షాటుకీ మధ్య దాన్ని నా చేతిలోనే పెట్టేవాళ్ళు. నేను కాస్త కాస్త నాకేదాన్ని. కొండమీద కోసినప్పుడు ఆరు రేకులున్న పువ్వుకి కోటకొచ్చేసరికి మూడే మిగిలాయి. ఎవరూ కనిపెట్టలేదు. లేక, పిల్లల సినిమానే కదా అని వదిలేశారో.

ఇంత చెబుతున్నాను గానీ, ఆ రెండు నెలలూ నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. స్కూల్లో నా పేరు సరిగ్గా పలికేవాళ్ళు లేరు. నేను తెచ్చుకున్న డబ్బా మూత తీస్తే పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. శనివారం వస్తే మాత్రం నేను రాకుమారిని. ముప్ఫై మంది పెద్దవాళ్ళు నా కోసం వెలుతురు పోకుండా చూసుకుంటూ ఎదురుచూసేవాళ్ళు.

ఒక్క చిక్కు నా తెలుగు. ఇంట్లో తెలుగే మాట్లాడేదాన్ని గానీ నా నాలుక ఇక్కడ తిరిగిన నాలుక. రాకుమారి శపథం నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "మా తండ్రిగారి కళ్ళు తిరిగి రానిదే ఈ కోటలో అడుగుపెట్టను." మొదటిసారి అందరి ముందూ గట్టిగా అన్నాను. అంతే, అడవంతా నవ్వు. రాజుగారు సింహాసనం మీంచి జారి కిందపడ్డాడు. నేను 'కళ్ళు' అనబోయి 'కల్లు' అన్నానట. మా తండ్రిగారి కల్లు తిరిగి రానిదే అడుగుపెట్టనన్నానట. కల్లంటే ఏమిటో కూడా నాకు తెలియదు. అడిగితే ఇంకా నవ్వారు.

ఆ తర్వాత ఏ ఇంటికెళ్ళినా అదే పాట. "ఏదమ్మా రాకుమారీ, ఒక్కసారి ఆ డైలాగ్ చెప్పు." చెప్పేదాన్ని. నవ్వేవాళ్ళు. ప్రేమగానే నవ్వేవాళ్ళు, నాకు తెలుసు. అయినా ఇంటికొచ్చి బాత్‌రూమ్ తలుపేసుకునేదాన్ని.

అమ్మకి పట్టుదల వచ్చింది. చపాతీలు వత్తుతూ, కారు నడుపుతూ, నాకు జడ వేస్తూ ఒకటే సాధన. "నాలుక వెనక్కి మడిచి అంగిలికి తాకించవే. ళ. ళ. కాళ్ళు, వేళ్ళు, కళ్ళు." డ్రైవింగ్‌లో అద్దంలోంచి నా నోరు చూసేది. ఒకరోజు స్కూల్ బస్సులో నాకు నేనే గొణుక్కుంటుంటే వచ్చేసింది. కళ్ళు. మళ్ళీ అన్నాను. కళ్ళు. బస్సు దిగి పరిగెత్తుకుంటూ వెళ్ళి వాకిట్లోంచే అరిచాను. అమ్మ పిండి చేతులతో నన్ను పట్టుకుని తిప్పింది.

కెమెరా అంకుల్ దగ్గరున్న కెమెరా బొమ్మనే పట్టేది, మాటని పట్టేది కాదు. అందుకని అన్నీ తీశాక ఆయన బేస్‌మెంట్‌లో డబ్బింగ్. గోడలకి బొంతలు వేలాడదీసి, చప్పుడు చేస్తుందని ఫ్రిజ్ ఆపేసి, గోడమీద బొమ్మ వేసేవాళ్ళు. దాన్ని చూస్తూ టేప్‌రికార్డర్‌లోకి మాటలు చెప్పాలి. తడి కార్పెట్ వాసన, ప్రొజెక్టర్ వేడెక్కిన వాసన. రెండు శనివారాలు చెప్పాను. శపథం ఒక్కటే పదిహేడు సార్లు. పదిహేడోసారి కెమెరా అంకుల్ హెడ్‌ఫోన్ తీసేసి, "శభాష్ తల్లీ!" అన్నాడు. మెట్లమీద కూర్చున్న అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

సంక్రాంతి సంబరం రోజున ఒక హైస్కూల్ కెఫెటీరియాలో సినిమా వేశారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూడా జనం వచ్చారు. పిల్లలందరూ ముందు నేలమీద. నేను మూడో వరసలో, పట్టు పరికిణీలో, అమ్మ పక్కన.

దీపాలు ఆర్పారు. రాజుగారి చేతికి గడియారం ఉంది. అడవి చెట్ల వెనకనుంచి పచ్చ కారు ఒకటి తాపీగా వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళు కిసుక్కున నవ్వారు. కానీ నేలమీద కూర్చున్న పిల్లలు నవ్వలేదు. నాన్న దూది గడ్డంతో రాగానే వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి దాక్కున్నారు. గుర్రం రెక్క వాలిపోతే ఒక చిన్నవాడు లేచి నిలబడి, "నో! నో!" అని అరిచాడు. వాళ్ళకి గడియారం కనబడలేదు, కారు కనబడలేదు. వాళ్ళు గుర్రంతో పాటు ఎగురుతున్నారు. అలాంటి సినిమాల్లో ఉండే మాయ అదే. ఇవాళ్టికీ నేను కాదనను. చూపించేవాడు ఇస్తున్నది సగమే అయినా పిల్లలు మిగతా సగం తామే పెట్టుకుంటారు.

అప్పుడు నేను తెరమీదకొచ్చాను. కోట ముందు నిలబడి, కత్తి ఎత్తి, నోరు తెరిచాను.

వచ్చింది నా గొంతు కాదు.

తేనెలాంటి గొంతు. ఒక్క అక్షరం తడబడకుండా, ఒత్తులన్నీ ఎక్కడివక్కడ పెట్టి, "మా తండ్రిగారి కళ్ళు తిరిగి రానిదే..." అంటోంది. హాలంతా చప్పట్లు. వెనకనుంచి ఎవరో, "ఎంత బాగా చెప్పిందండీ!" అన్నారు. నాకు ముందు అర్థం కాలేదు. నా నోరు కదులుతోంది, నేను చెప్పిన మాటలే, నేను చెప్పిన వేగమే. గొంతు మాత్రం వేరేవాళ్ళది. అమ్మ వైపు తిరిగాను. అమ్మ తెర వైపే చూస్తూ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. అప్పుడు తెలిసింది, అమ్మకి ముందే తెలుసని.

చెయ్యి విడిపించుకుని బయటికొచ్చేశాను. కారిడార్‌లో లాకర్ల పక్కన నేలమీద కూర్చున్నాను. కాసేపటికి నాన్న వచ్చి, పట్టు పంచె నలుగుతున్నా చూడకుండా పక్కనే కూలబడ్డాడు.

"బంగారం, అంకుల్ పొద్దున్నే చెప్పాడు. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు."

"వై? నేను కరెక్ట్‌గా చెప్పాను కదా నాన్నా. సెవెంటీన్ టైమ్స్ చెప్పాను."

"చెప్పావు. కానీ యాస ఉందన్నాడు. అందరూ నవ్వుతారని. నిన్ను చూసి ఇంతమంది నవ్వకూడదని."

"మీ గడ్డం చూసి నవ్వలేదా? గడియారం చూసి నవ్వలేదా? అవి తియ్యలేదే!"

తలుపు అవతల పిల్లలు కేకలు పెడుతున్నారు. గుర్రం ఎగిరినట్టుంది.

సినిమా అయ్యాక కెమెరా అంకుల్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "అలిగావా తల్లీ? ఇండియాలో పెద్ద పెద్ద హీరోయిన్లకే వేరేవాళ్ళు చెబుతారు. సినిమా అంటే అంతే! అయినా పిల్లల సినిమానే కదా, దీనికి ఏడుస్తారా?"

ఆ గొంతు గుంటూరు నుంచి కొత్తగా పెళ్ళయి వచ్చిన ఒక ఆంటీది. మా అందరికంటే పదేళ్ళు పెద్దదేమో. ఆ సాయంత్రం ఆవిడ నా దగ్గరికి వచ్చి ఏదో అనబోయింది. నేను తల తిప్పుకున్నాను.

ఆ రోజునుంచి నేను ఇంట్లో తెలుగు మాట్లాడటం మానేశాను. పట్టుదలగా మానలేదు. నోరు తెరిస్తే నా గొంతు నాకే వినబడేది, అంతే. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. అమ్మ ఒకరోజు ళ అనిపించాలని చూసింది. "డోంట్" అన్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మా పిల్లలకి తెలుగు ఉండదేమో అన్న బెంగతో తీసిన సినిమా మా ఇంట్లో తెలుగుని అలా ఆపేసింది.

రీళ్ళు మాత్రం ఊరూరా తిరిగాయి. ఎక్కడ తెలుగువాళ్ళు నలుగురు చేరితే అక్కడికి కెమెరా అంకుల్ కారులో ప్రొజెక్టర్ వేసుకెళ్ళేవాడు. ఒక వేసవి పిక్నిక్‌లో ఆరేళ్ళ పిల్ల ఒకతి నన్ను గుర్తుపట్టి, వాళ్ళమ్మ చెయ్యి వదిలేసి పరిగెత్తుకొచ్చింది. రాకుమారీ అని నా నడుం పట్టుకుంది. నేను "హాయ్" అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, "నో, టాక్ లైక్ ఇన్ ద మూవీ" అంది. నేను నా తెలుగులో ఏదో అన్నాను. ఆ పిల్ల చేతులు తీసేసింది. "యూ సౌండ్ లైక్ మీ" అని, పెదవి విరిచి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది ఆ మాటే. ఆ హాల్లో నేలమీద కూర్చున్న పిల్లలందరి తెలుగూ నా తెలుగే. వాళ్ళలాగే మాట్లాడే ఒక రాకుమారి గుర్రమెక్కి ఎగరగలదని వాళ్ళు వినుండేవాళ్ళు. వాలిన రెక్కని క్షమించిన పిల్లలు, మూడు రేకుల పువ్వుని నమ్మిన పిల్లలు, నా యాసని క్షమించరా? అసలు వాళ్ళకి అది యాస అని తెలిసేదా? తెలిసేది వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకే. ఆ కుర్చీల కోసం నా గొంతు తీసేశారు.

తెలుగు చదవడం, రాయడం నేను ముప్ఫై దాటాక, మా అమ్మాయి పుట్టాక నేర్చుకున్నాను. అమ్మే నేర్పింది. మేమిద్దరం ఆ సినిమా సంగతి ఎత్తకుండానే గుణింతాలన్నీ పూర్తిచేశాం. అమ్మా, నాన్నా ఇద్దరూ ఇప్పుడు లేరు.

పోయిన ఏడాది జెర్సీ సిటీలో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో గుంటూరు ఆంటీ కనబడింది. జుట్టు మొత్తం తెల్లబడింది. గొంతు మాత్రం అదే. నన్ను పట్టుకుని మర్నాడు వాళ్ళబ్బాయి అపార్ట్‌మెంట్‌కి రమ్మంది. వెళ్ళాను. ఇరవయ్యో అంతస్తు, కిటికీ నిండా నది. అల్లం టీ ఇచ్చి, తనే మొదలుపెట్టింది.

"నీకు చెప్పలేదన్న సంగతి నాకు తెలీదమ్మా. ఆ రోజు నువ్వు తల తిప్పుకున్నాకే తెలిసింది. అన్నయ్య, అదే మీ కెమెరా అంకుల్, ఫోన్ చేసి, పాపకి జలుబు చేసి గొంతు పోయింది, మీరు సాయం చెయ్యాలన్నారు."

"నాకు జలుబు చెయ్యలేదు ఆంటీ."

"తెలుసు. ఇప్పుడు తెలుసు." ఆవిడ కప్పు పక్కన పెట్టింది. "గుంటూరులో మా చర్చిలో వాక్యం నేనే చదివేదాన్ని. ఇక్కడికొస్తే అప్పట్లో తెలుగు చర్చి ఎక్కడుంది? మా ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక గోడలకి చదివి వినిపించుకునేదాన్ని. వచ్చిన ఏడు నెలల్లో నన్ను ఈ పని నీకు వచ్చా అని అడిగిన మనిషి లేడు. అన్నయ్య అడిగారు. నీ టేపు పెట్టి, ఒక్కో మాట విని, నీ వెనకాలే చెప్పాను. గొంతు పోయిన పిల్ల ఇంత బాగా ఎలా చెప్పిందా అనుకున్నాను. ఆ మాట ఆయన్ని అడగాల్సింది. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు."

ఇన్నేళ్ళు ఆవిడ మీద పెట్టుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే కూర్చున్నాను.

"అన్నయ్య ఇంకా ఉన్నారు. ఎడిసన్‌లో కూతురి దగ్గర. వెళ్ళి అడుగు" అందావిడ.

మరుసటి వారమే వెళ్ళాను. కెమెరా అంకుల్‌కి తొంభై దగ్గరపడుతున్నాయి. కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ళ మీద దుప్పటితో ఉన్నాడు. నన్ను చూడగానే, "రాకుమారీ!" అన్నాడు. అంత బలహీనమైన గొంతులోనూ ఆ పాత ఉత్సాహం వినబడింది. గుర్రం సంగతి, ఫైరింజన్ సంగతి, నాన్న బీపర్ సంగతి వరసగా చెప్పాడు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఎవరుంటారు? తర్వాత, ఇంటిదగ్గర అద్దం ముందు అనుకుని వచ్చిన మాట అడిగాను.

"అంకుల్, ఆ సినిమాలో నా గొంతు ఎందుకు తీసేశారు?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "తీసెయ్యడమేంటి తల్లీ? అది నీ గొంతే కదా!"

"కాదంకుల్. నా మాటలన్నీ గుంటూరు ఆంటీ చెప్పింది."

"ఆవిడ పాటేదో పాడిందేమోలే. డైలాగులన్నీ నువ్వే. పదిహేడు సార్లు చెప్పించాను, నాకు గుర్తులేదా? ఎంత స్పష్టంగా చెప్పావు! మన పిల్లలకి తెలుగు వస్తుందని నేను అందరికీ నీ గొంతే వినిపించేవాణ్ణి." ఆయన నా చెయ్యి పట్టుకుని నిమిరాడు. "మా రాకుమారిలాగా ఎవరు చెబుతారు?"

అబద్ధం ఆడటం లేదు. ఆ కళ్ళల్లో అబద్ధం లేదు. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. నా టేపు ఏమైందని వాళ్ళమ్మాయిని అడిగితే, ఇల్లు మారినప్పుడు పాత క్యాసెట్లన్నీ పారేశామంది. రీళ్ళు మాత్రం భద్రంగా కంప్యూటర్‌లోకి ఎక్కించారట, నాకూ పంపిస్తానంది. థాంక్స్ చెప్పాను. వాళ్ళమ్మ చేసినట్టే చేసిన గులాబ్‌జామ్ పెట్టింది, తిన్నాను. వెళ్ళొస్తానంకుల్ అని ఆయన పాదాలకి దణ్ణం పెట్టాను. ఇన్నేళ్ళూ దాచుకున్నది ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు.

బయటికొచ్చి కార్‌లో కూర్చున్నాను. తలుపు వేసుకుని, స్టార్ట్ చెయ్యకుండా, ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాను. నా యాసతోనే, తెలుగులో తిట్టాను. మా అమ్మ నాన్నని తిట్టిన తిట్లు, మా అమ్మమ్మ పాలవాణ్ణి తిట్టిందని అమ్మ చెప్పిన తిట్లు, పుస్తకాల్లో చదివి ఒక్కసారీ వాడని తిట్లు, అన్నీ. స్టీరింగ్ మీద కొడుతూ, గొంతు పగిలేదాకా అరిచాను.

కుక్కని తిప్పుకుంటూ ఒక పెద్దమనిషి అటుగా వచ్చి, అద్దంలోంచి నన్ను చూసి ఆగాడు. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నానని అనుకున్నాడేమో, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. నేనూ చెయ్యి ఊపాను.